గ్రాఫీన్‌ఓఎస్ ఎనిమిది నెలలు వాడినాక: తిరుపతి కోర్టులో ప్రాక్టీస్ చేసే లాయర్ రివ్యూ

ముందే చెప్పేస్తా, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. తిరుపతి కోర్టులో తొమ్మిదేళ్లుగా ప్రాక్టీస్ చేస్తా ఉన్నా, ఎక్కువగా ఫ్యామిలీ కేసులు, మెయింటెనెన్స్, డీవీసీ అంటే గృహహింస కేసులు, మధ్యలో కొన్ని భూమి తగాదాలు. ఈ రివ్యూ ఫోన్ గురించి కాదు, ఫోన్‌లో వేసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) గురించి. పేరు గ్రాఫీన్‌ఓఎస్. ఆండ్రాయిడే, కాకపోతే గూగుల్ సరుకంతా తీసేసి, సెక్యూరిటీ గట్టి చేసి, ఫ్రీగా ఇస్తారు. కెనడాలో రిజిస్టర్ అయిన ఒక నాన్ ప్రాఫిట్ ఫౌండేషన్ నడుపుతా ఉంది, 2014లో వేరే పేరుతో మొదలైన ప్రాజెక్ట్, 2019 నుంచి ఈ పేరుతో ఉంది. కోడ్ మొత్తం ఓపెన్, ఎవరైనా చూసుకోవచ్చు. నేను పిక్సెల్ 8ఏ మీద వాడతా ఉన్నా.

ఎందుకు మార్చినానో చెప్పాలంటే ఒక క్లయింట్ గురించి చెప్పాలి, వివరాలన్నీ మార్చే చెప్తా ఉన్నా. ఆమె నా ఆఫీసుకు వచ్చిన ప్రతిసారీ సాయంత్రానికి భర్తకు తెలిసిపోయేది. ఆటోలో వచ్చినా, బస్సులో వచ్చినా, పుట్టింట్లో కూడా చెప్పకుండా వచ్చినా తెలిసిపోయేది. మా తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాడు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఒప్పుకోలు తీసుకుని ఫోన్ చూపించినా. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది కదా, చూపు సరిగా లేనోళ్ల కోసం పెట్టింది, అందులో సిస్టమ్ సర్వీస్ అన్నట్టు పేరు పెట్టుకుని ఒక దొంగ యాప్ కూర్చోని ఉంది. లొకేషన్, మెసేజ్‌లు, మైక్ అన్నీ దాని చేతిలో ఉన్నాయి. భర్తే వేసినాడు, ఆమె పిల్లోడికి జ్వరమొచ్చి ఆస్పత్రిలో ఉన్న రోజు రాత్రి. ఆ ఫోన్ చూసినాక నాకు మూడు రోజులు సరిగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆమె నాతో మాట్లాడిన మాటలన్నీ ఆ మైక్ పక్కనే మాట్లాడింది, నా టేబుల్ మీదనే.

అప్పుడు నా ఫోన్ తీసి చూసుకున్నా. అందులో ఎవరి దెబ్బల ఫొటోలో, ఎవరి వాయిస్ మెసేజ్‌లో, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల స్కూల్ వివరాలు, సెటిల్‌మెంట్‌లో ఎంతకు ఒప్పుకుంటారో వాళ్లు నాకొక్కదానికే చెప్పిన అంకెలు. క్లయింట్ చెప్పింది బయటికి చెప్పకూడదని లాయర్‌కు చట్టమే చెప్తుంది, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 126 సెక్షన్, ఇప్పుడు 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 132. కోర్టులో జడ్జి ముందు కూడా నోరు విప్పకూడని విషయాలు నేను ఒక ఫ్లాష్‌లైట్ యాప్‌కీ, ఒక ఫొటో ఎడిటింగ్ యాప్‌కీ కాంటాక్ట్స్, స్టోరేజ్ పర్మిషన్లతో సహా అప్పజెప్పి పెట్టినా. "నా దగ్గర దాచుకోడానికేముంది" అని నేనూ చాలా రోజులు అన్నదాన్నే. నా దగ్గర ఏమీ లేకపోవచ్చు, నా ఫోన్‌లో రెండొందల మంది బతుకులు ఉన్నాయి.

ఇంక గవర్నమెంట్ స్పైవేర్, అంటే ఫోన్‌లో దాక్కుని నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ సంగతి. ఆ భర్త వేసిన యాప్ కావాలంటే ఫోన్ చేతిలోకి రావాల. పెగాసస్ అనే స్పైవేర్‌కి అది కూడా అక్కర్లేదు. ఇజ్రాయెల్‌లో ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ అనే కంపెనీ తయారుచేసింది, ప్రభుత్వాలకు మాత్రమే అమ్ముతామని వాళ్లే చెప్పుకుంటారు. 2016లో యూఏఈలో అహ్మద్ మన్సూర్ అనే హక్కుల కార్యకర్తకు లింకుతో ఒక మెసేజ్ వస్తే, ఆయన దాన్ని నొక్కకుండా టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థకి పంపించినాడు, అట్ల బయటపడింది. అప్పుడు లింకు నొక్కాల్సి వచ్చేది. 2019కి వాట్సాప్‌లో కాల్ వస్తే చాలు, ఎత్తకపోయినా లోపలికి దూరే స్థాయికి వచ్చేసింది. ఆ ఏడాది సుమారు 1,400 మంది ఫోన్ల మీద దాడి జరిగిందని వాట్సాపే కోర్టుకు పోయింది, అందులో మన దేశంలో లాయర్లు, జర్నలిస్టులు, హక్కుల కోసం పనిచేసేవాళ్లు ఉన్నారు. లాయర్లు అనే మాట దగ్గర నేను ఆగిపోయినా. 2024 డిసెంబర్‌లో అమెరికా కోర్టు ఎన్‌ఎస్‌ఓదే తప్పని తేల్చింది.

మన దగ్గర 2021 జులైలో పెగాసస్‌తో నిఘాకి ఎంచుకున్నారని చెప్పే నంబర్ల లిస్టు బయటికొచ్చినప్పుడు మొత్తం 50,000కి పైగా నంబర్లు, అందులో 300కి పైగా ఇండియా నంబర్లు అని రాసినారు. లిస్టులో ఉన్నంత మాత్రాన ఫోన్‌లో స్పైవేర్ ఉన్నట్టు కాదు, ఇది కూడా చెప్పాల. సుప్రీంకోర్టులో అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ గారి బెంచ్ 2021 అక్టోబర్ 27న ఆర్డర్ ఇస్తా, జాతీయ భద్రత అని ఒక మాట అనేస్తే కోర్టు చేతులు ముడుచుకుని కూర్చోదని చెప్పి, రిటైర్డ్ జడ్జి ఆర్.వి. రవీంద్రన్ గారి పర్యవేక్షణలో కమిటీ వేసింది. 2022 ఆగస్టులో ఆ కమిటీ చెప్పిందేమంటే, చూసిన 29 ఫోన్లలో ఐదింట్లో మాల్‌వేర్ ఉంది, అది పెగాససే అని తేలలేదు, కేంద్రం సహకరించలేదు. మన రాష్ట్రంలో కూడా ఈ గొడవ నడిచింది గుర్తుందో లేదో, 2022 మార్చిలో చంద్రబాబు ప్రభుత్వం పెగాసస్ కొన్నదన్న మమతా బెనర్జీ మాటల మీద రేగి, టీడీపీ అదంతా అబద్ధమని ఖండించి, అసెంబ్లీలో హౌస్ కమిటీ వేసినారు, దానికి చైర్మన్ అప్పటి మన తిరుపతి ఎమ్మెల్యే భూమన కరుణాకర్ రెడ్డి గారే. పక్కన తెలంగాణలో 2024లో ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే అరెస్టయినారు. ఎవరి మాట నిజమో నేను తేల్చేదాన్ని కాదు, ఒకటి మాత్రం చెప్తా, ఏ పార్టీ కుర్చీలో ఉన్నా ఎదుటోళ్లు మా ఫోన్లు వింటా ఉన్నారనే అంటారు, కుర్చీ మారినాక మాటలు కూడా మారతాయి.

ట్యాపింగ్ వేరే, స్పైవేర్ వేరే, ఈ తేడా తెలియక చాలామంది ఈ ఓఎస్ నుంచి లేనిది ఆశిస్తారు, అందుకే కొంచెం వివరంగా చెప్తా. ట్యాపింగ్ అంటే టెలికాం కంపెనీ దగ్గర మన మామూలు కాల్‌ని వినడం. దానికి పేపర్ మీద ఒక పద్ధతి ఉంది, 1996 డిసెంబర్‌లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పినాక వచ్చింది, హోమ్ సెక్రటరీ ఆర్డర్ ఉండాల, 60 రోజులు, పొడిగించుకుంటా పోయినా 180 రోజులు దాటకూడదు. నేను గ్రాఫీన్ వేసినా, ఇంకోటి వేసినా, మామూలు కాల్ టవర్ మీదుగానే పోతుంది, ఎవరికి ఎప్పుడు చేసినానో కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది, ఏ టవర్ కింద ఉన్నానో కూడా ఉంటుంది. దీన్ని ఏ ఓఎస్ ఆపలేదు. స్పైవేర్ అట్ల కాదు, అది ఫోన్ లోపల కూర్చుంటుంది, సిగ్నల్ యాప్, వాట్సాప్ ఎంత ఎన్‌క్రిప్ట్ చేసినా స్క్రీన్ మీద కనపడేది అది కూడా చదువుతుంది, ఫోన్ పక్కన పెట్టి మనం మాట్లాడుకునేది కూడా మైక్ తెరిచి వింటుంది. ఈ రెండోదాన్ని కష్టం చెయ్యడానికే ఈ ఓఎస్. కష్టం చెయ్యడం అనే మాటే వాడతా, అసాధ్యం అని వాళ్లు కూడా ఎక్కడా చెప్పరు.

సరే, కొన్న కథ. ఇది గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీదనే నడుస్తుంది. గూగుల్ నుంచి తప్పించుకోడానికి గూగుల్ ఫోనే కొనాలా అని మా సీనియర్ సార్ కూడా అడిగినారు. కారణం ఏందంటే, చాలా కంపెనీల ఫోన్లలో వేరే ఓఎస్ వేస్తే బూట్‌లోడర్, అంటే ఆన్ అయ్యేటప్పుడు ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్, తెరిచే ఉంచాల్సి వస్తుంది, ఇంటికి తాళం తీసి తలుపు దగ్గరకు వేసి పడుకున్నట్టు. పిక్సెల్‌లో మన ఓఎస్ వేసి మళ్లీ తాళం వేసుకోవచ్చు, ఆన్ అయిన ప్రతిసారీ ఓఎస్ ఎవరూ మార్చలేదని ఫోనే చూసుకుంటుంది. లోపల సెక్యూరిటీ చిప్ విడిగా ఉంటుంది, అప్‌డేట్లు చాలా ఏళ్లు వస్తాయి, 8ఏకి 2031 దాకా.

మొదట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఊర్లో ఒక మొబైల్ షాపులో, పేరు చెప్పను. ఫోన్ కొత్తదాని మాదిరే ఉంది. ఇంటికి తెచ్చి సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిస్తే ఓఈఎం అన్‌లాకింగ్ అని, బూట్‌లోడర్ తాళం తీయనిచ్చే బటన్ బూడిద రంగులో ఉండిపోయింది, కదలదు. వైఫై పెట్టినా, రీసెట్ చేసినా అంతే. తమ్ముడు ఐఎంఈఐ చూసి అది అమెరికాలో ఒక నెట్‌వర్క్ కంపెనీ అమ్మిన ఫోన్, వాళ్లు లాక్ చేసి ఇస్తారు, జన్మలో తెరుచుకోదని చెప్పినాడు. మరుసటి రోజు షాపుకు పోతే అతను "కాల్స్ పోతాయి, కెమెరా బాగుండాది, ఇంకేం కావాల మేడమ్" అంటాడు. అతనికి కూడా తెలియకపోవచ్చు, కానీ వాపస్ తీసుకోడానికి 1,500 పట్టుకున్నాడు, అది నాకు ఇప్పటికీ మంటే. తర్వాత తమ్ముడి ఆఫీసులో ఒకతను వాడిన 8ఏ అమ్ముతా ఉంటే 27,000కి తీసుకున్నా, ఇండియాలో కొన్న ఫోన్, బిల్లుతో సహా.

8ఏనే ఎందుకంటే, పిక్సెల్ 8 నుంచి ప్రాసెసర్‌లో మెమరీ ట్యాగింగ్ అని ఒకటి ఉంది. తమ్ముడు దీన్ని నాకు తిరుమల లగేజీ కౌంటర్‌తో చెప్పినాడు, అప్పుడు గానీ అర్థం కాలేదు. బ్యాగుకు ఒక టోకెన్ కడతారు, అదే నంబర్ మన చేతికి ఇస్తారు, రెండూ కలిస్తేనే బ్యాగ్ ఇస్తారు. అట్లనే ఫోన్ మెమరీలో ప్రతి చిన్న ముక్కకూ ఒక ట్యాగు, దాన్ని తాకడానికి వచ్చే కోడ్ దగ్గర అదే ట్యాగు ఉండాల. స్పైవేర్ ఎక్కువగా చేసేది ఇతరుల బ్యాగ్ ఎత్తుకోవడమే, ప్రోగ్రామ్‌లో ఒక తప్పు పట్టుకుని తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టడం. ట్యాగు కలవకపోతే అక్కడికక్కడ ఆ ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. గ్రాఫీన్‌లో సిస్టమ్ మొత్తానికి ఇది ఆన్‌లోనే వస్తుంది. ట్యాగులు పదహారే రకాలు కాబట్టి గుడ్డిగా వేసిన గురి ఒక్కోసారి తగలొచ్చు, కానీ తగలకపోతే దొరికిపోతారు. ఆపిల్ వాళ్లు కూడా 2025 సెప్టెంబర్‌లో ఐఫోన్ 17తో ఇట్లాంటిదే తెచ్చినారు.

ఇన్‌స్టాల్ చెయ్యడం నేను భయపడినంత లేదు. వాళ్ల వెబ్‌సైట్లోనే వెబ్ ఇన్‌స్టాలర్ ఉంది, క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచి, కేబుల్‌తో ఫోన్ కలిపి, వరసగా బటన్లు నొక్కుకుంటా పోవడమే. అన్‌లాక్ చెయ్యడం, డౌన్‌లోడ్, ఫ్లాష్ చెయ్యడం అంటే ఓఎస్‌ని ఫోన్‌లోకి ఎక్కించడం, మళ్లీ లాక్ చెయ్యడం, అంతే. అన్‌లాక్ చేసినప్పుడు ఒకసారి, లాక్ చేసినప్పుడు ఇంకోసారి ఫోన్‌లో ఉన్నదంతా పోతుంది, కాబట్టి ముందే బ్యాకప్ తీసుకోండి. నాకు ఇబ్బంది పెట్టింది రెండు. ఒకటి కేబుల్, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ పెట్టి గంట సేపు ఫోన్ కనపడలేదని కూర్చున్నా. రెండోది విండోస్, బూట్‌లోడర్ మోడ్‌లో ఫోన్‌ని గుర్తుపట్టడానికి డ్రైవర్ కావాల, అది విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ అని లోపల దాక్కుని ఉంటుంది. ఇవి రెండూ సరయినాక అరగంటలో అయిపోయింది. లాక్ చెయ్యడం మాత్రం మర్చిపోవద్దు, అది చెయ్యకపోతే ఈ కష్టమంతా దేనికీ పనికిరాదు.

ఆన్ చేసిన ప్రతిసారీ పసుపు రంగులో ఒక హెచ్చరిక వస్తుంది, ఈ ఫోన్‌లో వేరే ఓఎస్ ఉందని. మా అమ్మ అది చూసి "పాపా, ఫోన్ చెడిపోయినట్టుందే" అని కంగారు పడింది. చెడిపోలేదు, ఆ స్క్రీన్ మీద ఒక పొడుగాటి కోడ్ ఉంటుంది, అది వెబ్‌సైట్లో ఇచ్చిన కోడ్‌తో కలవాల. నేను దాన్ని డైరీలో రాసి పెట్టుకున్నా.

రోజువారీ వాడకంలో నా జీవితం నిజంగా మార్చింది పర్మిషన్లు. మామూలు ఆండ్రాయిడ్‌లో యాప్‌కి ఇంటర్నెట్ వద్దు అనే మాటే లేదు, ఇక్కడ ఉంది. వకాల్తాలు, ఆధార్ కాపీలు స్కాన్ చేసుకునే యాప్‌కి నెట్‌వర్క్ తీసేసినా, అది స్కాన్ చేస్తుంది, ఎక్కడికీ పంపలేదు. తెలుగు టైప్ చెయ్యడానికి నాకు జీబోర్డే అలవాటు, తెలుగు డౌన్‌లోడ్ అయినాక దానికి కూడా నెట్‌వర్క్ కట్ చేసినా, కీబోర్డ్ అంటే మనం కొట్టే ప్రతి అక్షరం చూసేది కదా. కాంటాక్ట్ స్కోప్స్ అని ఇంకోటి ఉంది, వాట్సాప్ కాంటాక్ట్స్ అడిగితే ఇచ్చినట్టే ఉంటుంది, కానీ నేను ఎంచి ఇచ్చిన పద్నాలుగు పేర్లే దానికి కనపడతాయి. నా క్లయింట్ల పేర్లు, నంబర్లు వాట్సాప్ సర్వర్‌కి పోవు. స్టోరేజ్ కూడా అట్లనే, ఒక ఫోల్డర్ చూపిస్తే అదే లోకం అనుకుంటుంది. ఈ రెండు ఫీచర్ల కోసమే అయినా నేను 27,000 పెట్టేదాన్ని.

గూగుల్ ప్లే కావాలంటే వేసుకోవచ్చు, కాకపోతే అది కూడా మామూలు యాప్ మాదిరి ఒక మూల కూర్చుంటుంది, వేరే ఫోన్లలో మాదిరి ఇంటి యజమాని కాదు. నేను రెండు ప్రొఫైల్స్ పెట్టుకున్నా. మొదటిదాంట్లో కాల్స్, సిగ్నల్, కేసు ఫైళ్లు. రెండోదాంట్లో గూగుల్ ప్లే, వాట్సాప్, యూపీఐ, యూట్యూబ్. ఒకదాని ఫైళ్లు ఇంకోదానికి కనపడవు. అక్కడ మెసేజ్ వస్తే ఇక్కడ చిన్న నోటిఫికేషన్ వచ్చేట్టు పెట్టుకోవచ్చు. యూపీఐ రిజిస్ట్రేషన్ దగ్గర రెండు రోజులు కొట్టుకున్నా, రెండో ప్రొఫైల్‌కి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు విడిగా ఆన్ చెయ్యాలని తెలియక. ఆన్ చేసినాక వెంటనే అయింది.

ఇంక బాగలేనివి. నా బ్యాంకు యాప్ తెరుచుకోదు. ఫోన్ గూగుల్ సర్టిఫై చేసిన ఓఎస్ కాదని చెప్పి మూసుకుంటుంది. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం, ఎందుకంటే నాలుగేళ్లుగా ఒక్క సెక్యూరిటీ అప్‌డేట్ రాని పాత ఫోన్‌లో అదే యాప్ సంతోషంగా నడుస్తుంది. భద్రత కోసం పెట్టిన తనిఖీ భద్రంగా ఉన్న ఫోన్‌ని బయట పెడతా ఉంది. బ్యాంకుకు మెయిల్ రాసినా, ఓఎస్ అసలుదేనని ఫోన్ చిప్ ఇచ్చే సర్టిఫికెట్ చూసి గ్రాఫీన్‌ని కూడా అనుమతించే పద్ధతి ఆండ్రాయిడ్‌లోనే ఉందని వివరంగా రాసినా, రొటీన్ జవాబు వచ్చింది. ఇప్పుడు పాత ఫోన్ ఇంట్లో బీరువాలో ఉంది, బ్యాంకు పని ఉన్నప్పుడు మాత్రం తీస్తా. మీకు బ్యాంకు యాప్ రోజూ కావాలంటే కొనకముందే ఆ యాప్ ఇందులో నడుస్తుందో లేదో వెతుక్కోండి, కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. గూగుల్ పేతో ఫోన్‌ని మిషన్‌కి ఆనించి కట్టేది కూడా ఇందులో పనిచెయ్యదు. ముఖం చూపించి అన్‌లాక్ చేసే సౌకర్యం లేదు, వేలిముద్ర ఉంది. ఒకట్రెండు యాప్‌లు తెరవగానే మూసుకుపోయేవి, వాటికి సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ మోడ్ ఆన్ చేస్తే సరిపోయింది. కెమెరాకి గూగుల్ కెమెరా యాప్ వేసుకుని నెట్‌వర్క్ తీసేస్తే ఫొటోలు మునుపటి మాదిరే వస్తాయి.

తిరుమల సంగతి ఒకటి చెప్పాల. దర్శనానికి పోయేటప్పుడు ఫోన్ కౌంటర్‌లో ఇచ్చేస్తాం కదా. అక్కడోళ్ల మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరి ఫోనూ పోలేదు. కానీ ఫోన్ మన చేతిలో లేని గంటలు అనేది సెక్యూరిటీ లెక్కలో పెద్ద విషయం. మొన్న కంపార్ట్‌మెంట్‌లో చాలా సేపు పట్టింది, బయటికొచ్చి ఫోన్ తీసుకుంటే అది తనంతట తానే రీస్టార్ట్ అయి కూర్చోని ఉంది. ఇందులో ఆటో రీబూట్ ఉంది, ఇంత సేపు ఎవరూ అన్‌లాక్ చెయ్యకపోతే రీస్టార్ట్ అయిపోతుంది. వాళ్లు 18 గంటలు పెట్టి ఇస్తారు, నేను 8కి తగ్గించుకున్నా. రీస్టార్ట్ అయినాక పిన్ కొట్టేదాకా లోపలున్నదంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, తాళం చెవి కూడా మెమరీలో ఉండదు. లాక్ అయి ఉన్నప్పుడు చార్జింగ్ పోర్టు చార్జింగ్‌కే పనికొస్తుంది, డేటా కేబుల్ పెట్టినా ఫోన్ మాట్లాడదు. రీస్టార్ట్‌కి ఇంకో లాభం కూడా ఉంది, ఈ మధ్య స్పైవేర్ చాలావరకు మెమరీలోనే బతుకుతుంది, రీస్టార్ట్ అయితే పోతుంది, మళ్లీ కొత్తగా దూరాల్సి వస్తుంది. ఇది ఏ ఫోన్ ఉన్నోళ్లైనా చేసుకోవచ్చు, వారానికి ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని 2020లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏనే సలహా ఇచ్చింది, దానికి పైసా ఖర్చు లేదు.

డ్యూరెస్ పిన్ అని ఒక ఫీచర్ ఉంది, ఎవరైనా బెదిరించి పిన్ చెప్పమంటే ఆ వేరే పిన్ చెప్తే ఫోన్ మొత్తం, ఈసిమ్‌తో సహా, తుడిచిపెట్టుకుపోతుంది. దొంగల దగ్గర సరే. కానీ లాయర్‌గా ఒక మాట చెప్తా, కేసులో పోలీసులు పద్ధతి ప్రకారం ఫోన్ అడిగినప్పుడు ఇది వాడితే సాక్ష్యం నాశనం చేసినారని మీ మీదనే ఇంకో కేసు అవుతుంది. అట్లాంటి సమయంలో ఏం తీసుకున్నారో రాసిచ్చే సీజర్ మెమో అడగండి, లాయర్‌కి ఫోన్ చెయ్యండి, తొందరపడి ఏదీ తుడవొద్దు. నేను దాన్ని సెట్ చేసుకోలేదు.

ఈ ఫోన్ అంటే నేరస్తులు వాడేది కదా అని ఒక కొలీగ్ బార్ రూమ్‌లో అన్నాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పినారు. ఆ హక్కుని వాడుకునేదాన్ని నేరస్తురాలిగా చూస్తే, బీరువాకి తాళం వేసుకునే ప్రతి ఇంటినీ అట్లనే చూడాల. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది కానీ అందులో ప్రభుత్వం తన సంస్థల్ని నోటిఫై చేసి మినహాయించుకునే వీలు పెట్టుకుంది, కాబట్టి చట్టం ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చునే పరిస్థితి నాకు కనపడలేదు. 2025 నవంబర్ చివర్లో కొత్త ఫోన్లన్నింట్లో సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని టెలికాం శాఖ ఆర్డర్ ఇచ్చింది, గొడవయినాక డిసెంబర్ 3న వెనక్కి తీసుకుంది. ఆ సంచార్ సాథీ నిజానికి పనికొచ్చేదే, పోయిన ఫోన్ బ్లాక్ చెయ్యడానికి నేనే ఇద్దరు క్లయింట్లకి వెబ్‌సైట్లో చేసి పెట్టినా. నాకు కావాలంటే నేను వేసుకుంటా, వద్దంటే తీసేస్తా, ఆ మాట నా చేతిలో ఉండాల, అంతే నేను అడిగేది.

పిక్సెల్ కొనలేనోళ్లు, మార్చలేనోళ్లు ఉంటారు. మా సీనియర్ సార్‌ది ఐఫోన్, ఆయనకి లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేసి ఇచ్చినా, 2022లో ఐఓఎస్ 16తో వచ్చింది, మెసేజ్‌లలో అటాచ్‌మెంట్లు, తెలియనోళ్ల ఫేస్‌టైమ్ కాల్స్ లాంటివి చాలా కట్ చేస్తుంది, ఆయన వారం రోజులు విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటయింది. లినేజ్‌ఓఎస్ లాంటివి పాత ఫోన్లకి అప్‌డేట్లు ఇస్తాయి, మంచిదే, కానీ చాలా ఫోన్లలో బూట్‌లోడర్‌కి మళ్లీ తాళం వెయ్యలేరు. కాలిక్స్‌ఓఎస్ కూడా చూద్దామనుకున్నా, 2025 ఆగస్టులో వాళ్లు అప్‌డేట్లు ఆపేసినారు.

ఆ క్లయింట్‌కి కొత్త ఫోన్, కొత్త సిమ్ పెట్టించినాం, గ్రాఫీన్ కాదు, మామూలు ఫోనే, ఆమెకు కావాల్సింది అది. పాత ఫోన్ అట్లనే సాక్ష్యంగా ఉంచి ఐటీ యాక్ట్ కింద కంప్లైంట్ పెట్టినాం. ఇప్పుడు ఆమె వాయిస్ మెసేజ్ సిగ్నల్‌లో వస్తుంది, వారం తర్వాత దానంతట అది చెరిగిపోయేట్టు పెట్టుకున్నాం.

నా దగ్గర జూనియర్‌గా చేరిన అమ్మాయి తనకీ ఇదే కావాలంది. పోయిన శనివారం కోర్టు పని అయినాక ఇద్దరం కలిసి గాంధీ రోడ్డు వైపు ఒక షాపులో వాడిన 8ఏ చూసినాం. డబ్బులు ఇవ్వకముందే నా హాట్‌స్పాట్ కలిపి, ఓఈఎం అన్‌లాకింగ్ బటన్ నొక్కి చూస్తామని అడిగినా. "చూసుకోండి మేడమ్, మీ ఇష్టం" అన్నాడు షాపతను. బటన్ పక్కకు జరిగింది, నీలం రంగు వచ్చింది. బిల్లు మీద ఐఎంఈఐ రాయించుకుని వచ్చేసినాం. ఆదివారం మా ఇంటికి రమ్మన్నా, మంచి కేబుల్ ఒకటి తెచ్చుకోమని చెప్పినా.